పేరు పిలిచినప్పుడు

తెనాలి స్టేషన్లో మిరపకాయ బజ్జీల నూనె వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నేను పదేళ్ల పిల్లనైపోయి, రేపల్లె పాసింజరు కోసం ఎదురుచూస్తూ అమ్మానాన్నల మధ్య బల్లమీద కూర్చుంటాను. నాన్న సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసి, రెండు చెవులూ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. వినికిడి మిషను ప్రభుత్వమే ఇవ్వాలి. దానికోసం ఎండాకాలం ముంజలు, వానాకాలం జామకాయలు దారిలో తినడానికి సంచిలో వేసుకుని గుంటూరులోని మాజీ సైనికుల ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. మా చిన్నతనంలో ప్రయాణాలంటే అవే. ఊరి డాక్టరు రాసిచ్చింది చెల్లదనేవారు. సైనిక డాక్టరు దగ్గరికి వెళితే, ముందు ఆఫీసువాళ్లు పంపాలనేవారు.

ఇంట్లో మేమంతా అరిచే మాట్లాడుకునేవాళ్లం. కూరలో ఉప్పెక్కువైన సంగతీ, నాకు లెక్కల్లో మార్కులు తగ్గిన సంగతీ నాన్నకు చెప్పేలోపు వీధంతటికీ తెలిసిపోయేవి. క్రిస్మస్ ముందు గులాబీ పువ్వుల అచ్చు కాగే నూనెలో ముంచుతూ అమ్మ "పళ్లెం అందుకోండీ!" అని కేకేస్తే, పక్కింటి పిన్నిగారు పళ్లెంతో పరిగెత్తుకొచ్చేది.

ఎన్నాళ్లకో సైనిక డాక్టరు పరీక్షకు పిలుపొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న ఆఫీసు హాల్లో ముందు వరుసలో నిటారుగా కూర్చున్నాడు. అమ్మా నేనూ మంచినీళ్లు తాగి వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్లిపోతున్నారు.

"ఎన్నిసార్లు పిలిచినా పలకలేదమ్మా. రాలేదని రాసేశాం. మళ్లీ అర్జీ పెట్టుకోండి," అన్నాడు గుమాస్తా.

అమ్మ అతని బల్ల దగ్గరికి వెళ్లింది. "చెవులు వినపడవనే కదండీ వచ్చాం, అన్నయ్యగారూ! పిలిస్తే పలికే మనిషైతే మీ గుమ్మం ఎందుకు తొక్కుతారండీ?"

నాన్నకు ఇదేమీ తెలియదు. ఎప్పుడు పిలుస్తారోనని తలుపు వైపే చూస్తున్నాడు. గుమాస్తా పరుగున వెళ్లి జీపెక్కబోతున్న డాక్టరును వెనక్కి తీసుకొచ్చాడు. తర్వాత నాన్న భుజం మీద చెయ్యివేసి, తనే లోపలికి నడిపించుకెళ్లాడు.

ఆ పైన కూడా కాగితాలు బల్లలన్నీ తిరిగి, నేను హైస్కూల్లో చేరాక మిషను చేతికొచ్చింది. ఆ సాయంత్రం తాలింపు చిటపటకు నాన్న ఉలిక్కిపడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. అమ్మ అలవాటుగా కేకేసింది.

"మెల్లగా చెప్పవే, వినపడుతోంది," అన్నాడు.

అమ్మ గరిటె పక్కన పెట్టింది. నాన్న దగ్గరికి వెళ్లి, మెల్లగా ఏదో చెప్పింది. గడప ఇవతల ఉన్న నాకు ఒక్క ముక్కా వినపడలేదు. మా ఇంట్లో అలాంటిది అదే మొదటిసారి.

ఇప్పుడు ఇద్దరూ లేరు. రేపల్లెలో ఆ ఇల్లూ లేదు. అమ్మ ఏం చెప్పిందో నాకు నేటికీ తెలియదు.