డిక్కీలో తాళం వేసిన కొత్త టైరు: బోడుప్పల్ దగ్గర ఆగిన వరంగల్ ప్రయాణం

పాత కారులో ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని ఈ అనుభవాన్ని రాస్తున్నాను. మా అమ్మాయి సరళకు అక్కడి కళాశాలలో సీటు కోసం మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటర్వ్యూ ఉంది. పేరు పిలిచినప్పుడు ఎదుట లేకపోతే సీటు తరువాతివారికి పోతుంది. నేను పగలు నాచారంలోని ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రాత్రి కళాశాలలో చదివి పట్టభద్రుడినైనవాణ్ణి. పగటి కళాశాల గేటు ముందు నా కూతురు నా సొంత కారులో నుంచి దిగాలన్నది నా పట్టుదల.

ఆ కారు ముగ్గురి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. టైర్లు నాలుగూ నున్నగా అరిగిపోయాయి. ఫ్యాక్టరీలో నేను స్టోర్సు చూస్తాను. ఏ వస్తువు కొన్నా మూడు దుకాణాల ధరలు రాయించుకొని, తక్కువ ధరకు ఇచ్చినవారి దగ్గర తీసుకోవడం మా పద్ధతి. అదే పద్ధతిలో రెండు సాయంత్రాలు నాచారం, ఉప్పల్ దుకాణాలు తిరిగాను. కంపెనీ కొత్త టైరు ఒక్కదాని ధరకు, అరిగిన టైరు మీద కొత్త రబ్బరు ఎక్కించినవి మూడు వస్తాయని తేలింది. అందరికంటే తక్కువ ధర చెప్పిన నాచారం దుకాణదారు మల్లయ్యే నన్ను వారించాడు.

"సార్, ఫ్యాక్టరీకి పోయి రానీకైతే గివి మస్తు నడుస్తయ్. గీ ఎండల వరంగల్ దాకనంటే కొత్తయే ఎయ్యిండ్రి."

"చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా?"

"సూడనీకి ఉంటయ్ సార్. ఉరకనీకే ఉండయ్."

నేను మధ్యేమార్గంగా రబ్బరు ఎక్కించినవి నాలుగు, కొత్తది ఒకటి కొన్నాను. పాత సరుకు ఉండగా కొత్త సరుకు బయటికి ఇవ్వరాదన్నది స్టోర్సు నియమం. అందుచేత కొత్త టైరుకు చుట్టిన కాగితమైనా విప్పకుండా డిక్కీలో పెట్టి తాళం వేశాను. నా కారుకు ఉన్నవి నాలుగు చక్రాలే. అదనపు చక్రం నేను కొనేనాటికే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

ఉదయం ఏడు గంటలకు నాచారంలో బయలుదేరి, ఏడుంబావుకు ఉప్పల్ చౌరస్తా దాటాము. బోడుప్పల్ సమీపంలో వెనుక నుంచి టపటపమనే చప్పుడు మొదలైంది.

"నాన్నా, ఏందో కొట్టుకుంటుంది."

"కొత్త రబ్బరు. సర్దుకుంటోంది," అన్నాను.

అర మైలు పోకముందే పెద్ద చప్పుడుతో కారు ఒక పక్కకు లాగింది. దిగి చూస్తే ఎక్కించిన రబ్బరు పట్టీలా ఊడి వేలాడుతోంది, దాని కింది టైరు, ట్యూబు చినిగిపోయాయి. డిక్కీ తెరిచాను. కాగితం చుట్టుకొని కొత్త టైరు నిగనిగలాడుతోంది. దానిని చక్రానికి ఎక్కించే సాధనాలు గానీ, వేరే ట్యూబు గానీ, గాలి కొట్టే పంపు గానీ నా దగ్గర లేవు.

జాకీ పెట్టి చక్రం విప్పడానికే ముప్పావు గంట పట్టింది. ఆలోగా వరంగల్ బస్సులు రెండు మమ్మల్ని దాటిపోయాయి. ఉప్పల్ పోయి పది నిమిషాల్లో టైరు వేయించుకొస్తానని నేను రెండుసార్లు చెప్పాను. మూడో బస్సు కనబడగానే సరళ రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యి ఎత్తింది.

"ఇది గూడ పోతే సీటు పోతది నాన్నా. సర్టిఫికెట్లు ఇయ్యి."

ఫైలు ఆమె చేతికి ఇచ్చాను. కండక్టరు తలుపులోంచి వంగి, "పెద్దమనిషీ, నువ్వు రావా?" అని అడిగాడు.

"నాకు కారు ఉంది," అన్నాను.

అతను ఒరిగి ఉన్న కారును చూశాడు, నా చేతుల మసిని చూశాడు. "ఔ, ఉన్నది," అని గంట కొట్టాడు.

చక్రాన్నీ టైరునూ రిక్షాలో వేసుకొని ఉప్పల్ చేరేసరికి తొమ్మిదిన్నర. రిక్షాకు రూపాయిన్నర. పంక్చర్ దుకాణం జహంగీర్ కాగితం విప్పుతూ నవ్వు ఆపుకోలేదు.

"ఏంది సాబ్! పడుచుదాన్ని డిక్కీల పండవెట్టి, ముసలిదాన్ని ఉరికించినవా?"

ట్యూబు కోసం అతను అంబర్‌పేట్ దాకా మనిషిని పంపాడు. కారు మళ్ళీ నాలుగు చక్రాల మీద నిలిచేసరికి ఒంటిగంట దాటింది. ఇక వరంగల్ వెళ్ళి చేసేదేమీ లేదు. ఉప్పల్ చౌరస్తాలో కారు ఆపి, వచ్చే ప్రతి బస్సునూ చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఏడు గంటలకు సరళ బస్సు దిగింది. "సీటొచ్చింది," అంది. కారు ఎక్కుతూ మెల్లగా మరో మాట కూడా అంది: "ఆ బస్సు టైర్లు సూసిన నాన్నా. మనయి మస్తు నయం."

అయినా ఆ బస్సు వరంగల్ వెళ్ళింది, నేను వెళ్ళలేదు. స్టోర్సులో బీరువా నిండా కొత్త సామాను ఉండటం నాకు గౌరవం. రోడ్డు మీద మాత్రం తిరిగేదే టైరు, దాచినది బరువు. ఇన్నేళ్ళు చదివి పాసైన నాకు ఈ ఒక్క సంగతి బోడుప్పల్ ఎండలో, కూతురి ఎదుట నేర్చుకోవలసి వచ్చినందుకు ఇంకా చిరాకుగానే ఉంది.

మీరు రబ్బరు ఎక్కించినవే కొనండి, కొత్తవే కొనండి, అది మీ ఇష్టం. ఉన్నవాటిలో మంచి టైరును మాత్రం దుకాణంలోనే చక్రానికి ఎక్కించుకొని, దాని మీదే బయలుదేరండి. ఆ దారిన పోయే బస్సుల వేళలు కాగితం మీద రాసి, సీటు ఎవరిదో వారి చేతికే ఇవ్వండి.