కారు మిస్త్రీ కోసం సబ్బవరం నుంచి హార్బర్ దాకా

పోయిన శుక్రవారం మా చెల్లెలు సుభద్రను డయాలసిస్‌కు తీసుకెళ్తుంటే నా పదమూడేళ్ల కారు వేడెక్కి పెందుర్తి దగ్గర ఆగిపోయింది. నలభై నిమిషాలు ఆమె ఎండలో కూర్చుంది. మళ్లీ మంగళవారం ఉదయం ఎనిమిదికి ఆసుపత్రిలో ఉండాలి. మా కాలనీకి ఆ వేళ క్యాబ్‌వాళ్లు వస్తామంటారు, పది నిమిషాలకు రద్దు చేస్తారు. అందుకని నమ్మదగిన మెకానిక్‌ను వెతకడానికి నాకు మిగిలింది సోమవారం ఒక్కటే.

6:40కి సబ్బవరంలో బయలుదేరాను. వెనక సీట్లో అయిదు సీసాల నీళ్లు. రెండుసార్లు ఆగి, ఇంజిన్ చల్లారాక నీళ్లు పోసి, 8:45కి గాజువాక చేరాను.

మొదటిది అద్దాల గోడల కార్ల వర్క్‌షాపు. కాఫీ ఉచితం, ఆ కాఫీకి డబ్బు అడిగితే గొడవలవుతాయి. టై కట్టుకున్న ఒకాయన చేతిలోని ట్యాబ్ చూసి, "ఇంజిన్ ఓవర్‌హాల్ చేయాలి మేడమ్. నలభై రెండు వేలు, నాలుగు రోజులు" అన్నాడు.

"ఇంకా బానెట్ తెరవలేదు కదా నాయనా?"

"బండి వయసు సిస్టమ్‌లో కనిపిస్తుంది మేడమ్."

నేను ఉక్కు కర్మాగారం స్టోర్స్‌లో ఇరవై తొమ్మిదేళ్లు చేశాను. పెట్టె తెరవకుండా సరుకు చూశామని సంతకం పెట్టేవాళ్లు నాకు కొత్త కాదు. లేచి వచ్చేశాను.

10:05కి రేకుల షెడ్డు. ఇక్కడి మెకానిక్ బానెట్ తెరిచాడు, అంతవరకు మెచ్చుకోవాలి. ఇంజిన్ మాత్రం ఆపే ఉంది.

"రేడియేటర్ పోనాదమ్మా. కొత్తది ఏసీయాల. పదకొండు వేలు."

"స్టార్ట్ చేసి చూడవా?"

"ఇరవై ఏల్ల నుంచి ఇదే పని సేత్తన్నాను."

"మళ్లీ ఆగితే?"

"ఫోన్ సెయ్యమ్మా, ఏటుంది."

ఆగుతుందని నాకంటే ఆయనకే గట్టి నమ్మకం.

11:30కి కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఇంజిన్ వేడి చూపే సూది మళ్లీ పైకి లేచింది. పక్కకు తీసి నిలబడ్డాను. ఆటో కోసం చూస్తున్న చేపలమ్మే ఆమె గంప దించి దగ్గరికొచ్చింది.

"ఏటి మామ్మా, బండి మొరాయించీసిందా? హార్బర్‌ల బోటు మిస్త్రీ నూకరాజు కాడికెల్లు. కార్లూ సేత్తాడు. ఇంజినిప్పినోడు మొదటి వేటకి బోటెక్కాల, అది మావోల్ల కట్టుబాటు."

"అదెందుకు?"

"నడి సముద్రంల ఆగిపోతే ఎవుడికి ఫోన్ సేత్తాం?"

12:10కి హార్బర్. వేలంపాట ముగిసింది, నేలంతా తడి. నూకరాజు షెడ్డుకు బోర్డు లేదు. యాభై దాటిన మనిషి, లుంగీ నిండా ఆయిల్.

"కుర్చీ అయినా లేదేం?" అన్నాను.

"కూకోడానికొచ్చినావా మామ్మా, బాగుసేయించుకోడానికొచ్చినావా?"

ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, పదకొండు నిమిషాలు ఊరికే చూశాడు. వేడెక్కనిచ్చి చూసినవాడు ఆ రోజుకి ఇతనొక్కడే. "సూడు, ఫ్యాను తిరగట్నేదు" అన్నాడు. ఫ్యానుకు కరెంటు అందించే రిలే కాలిపోయింది. కొత్త రిలే, కూలీ కలిపి ఆరు వందల ముప్పై. 1:40కి చేతులు కడుక్కొని, నన్ను అడగకుండానే నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"సబ్బవరం దాకా ఒస్తాను. బస్సుకి ఎనక్కొచ్చీగలను."

2:35కి గోపాలపట్నంలో సూది మళ్లీ లేచింది.

"నువ్వూ వాళ్ల బాపతే" అన్నాను.

దిగి బానెట్ ఎత్తాడు. చల్లారేదాకా ఆగి, గుడ్డతో తుడిచి వెతికాడు. నీళ్ల గొట్టం బిగించే క్లిప్పు దగ్గర చెమ్మ.

"నా తప్పేనమ్మా. ఇది సూడ్నేదు."

బిగించి, నీళ్లు పోసి, మళ్లీ ఎక్కాడు. సబ్బవరం దాకా సూది మధ్యలోంచి కదల్లేదు. బస్టాండ్‌లో దిగుతూ, "పొద్దున్న సల్లగున్నప్పుడు మూత తీసి సూడు. నీల్లు తగ్గితే బండి తియ్యకు, నానే ఒస్తాను" అన్నాడు.

ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒకటే. అద్దాలు, కాఫీలు, అనుభవం ఎన్నేళ్లన్న కబుర్లు వదిలేయండి. బాగుచేసిన బండిలో పక్కన కూర్చుంటావా అని అడగండి. బదులు రాకపోయినా ముఖాలు చూడవచ్చు, ఆ వినోదానికి టికెట్ లేదు.

మంగళవారం ఆరింటికి మూత తీశాను. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. సుభద్రను లేపాను.