మడత మార్చిన నోటు

మా మేనమామ ధర్మవరంలో పట్టుచీరలు అమ్మేవాడు. చీరలకు అప్పుడప్పుడూ మడత మార్చినట్టే, తాను సేకరించిన విదేశీ నోట్లకూ మార్చేవాడు. నోటును అసలు మడవనే కూడదని బెంగుళూరులో సేకరణ తెలిసినవాళ్లు నవ్వేవారు. "ఒకే మడతలో పెడితే పట్టే పిగులుతాది, కాగితమొక లెక్కా" అనేవాడు మామ.

ఆయనకు దొరకనిది ఒక్కటే. కెన్యా, ఉగాండా, టాంజానియా స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొన్నాళ్లు ఉమ్మడిగా వాడుకున్న, సరస్సు మీద పడవ బొమ్మ ఉన్న నోటు.

తొంభైల చివర్లో, పుట్టపర్తికి వచ్చిన నైరోబీ గుజరాతీ ఆవిడ మామ అంగడిలో చీర కొంటూ పర్సు తెరిచింది. లోపల అదే నోటు. మామ అడగబోయేలోపే, "మా నాన్న గుర్తు, ఇది అమ్మేది లేదు" అంది హిందీలో.

మామ ముఖం వాడిపోయింది. అయినా తనకొచ్చిన హిందీలోనే, మడత దగ్గర పిగులుతోందని చూపించాడు. నోటును మెల్లగా విప్పి, చీర మడిచినట్టే కొత్త చోట మడిచి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఆ కొత్త మడతను వేలితో తడిమి, నోటు తిరిగి మామ చేతిలో పెట్టి, "మీ దగ్గరే ఉండనివ్వండి" అంది.

పెళ్లిళ్ల కాలమని కూడా చూడకుండా మామ మిట్టమధ్యాహ్నం అంగడి మూసేశాడు. బజారంతా నోటు చూపిస్తూ తిరిగాడు.

"ఆ మూడు దేశాలూ ఆడ వేరుపడినాయప్పా. మా ఇంట్లో ఇంకా ఉమ్మడి కాపురమే."