మా మూడు కార్లు

మొన్న కారుకి గీత పడితే గోపాలపట్నంలో షెడ్డుకి తీసుకెళ్ళాను. పెయింటు, థిన్నరు కలిసిన వాసన తగలగానే మా మూడు కార్లూ గుర్తొచ్చాయి.

మొదటిది తెల్లది. నాన్న పోర్టులో పనిచేసే రోజుల్లో కొన్న పాత అంబాసిడర్. నాకు ఐదేళ్ళప్పుడు దాని తలుపుల కింద తుప్పు పొరలుపొరలుగా రాలేది. "ఉప్పుగాలి బాబూ, మనమేటి సేత్తాం," అంటూ మేస్త్రి దాన్ని షెడ్డుకి పట్టుకుపోయాడు. పది రోజులకి నాన్న నీలం కారులో వచ్చారు. తెల్లది షెడ్డులోనే ఉండిపోయిందనుకున్నాను. మరి తెల్లకారు సీటు సందులో నేను దాచిన గవ్వ, నీలం కారు సీటు సందులో ఎలా దొరికిందో అర్థం కాలేదు. అమ్మనడిగితే, "నిన్ను ఎతుక్కుంటూ వచ్చీసిందే," అని నవ్వింది. రెండేళ్ళకి ఆకుపచ్చ కారు వచ్చింది. గవ్వ అందులోకీ వచ్చింది.

ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మాకు మూడు కార్లున్నాయని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నాన్న మాత్రం కాదనేవారు కాదు.

ఒకరోజు ఎవరో ఆకుపచ్చ కారు కొనుక్కుని తోలుకుపోయారు. అది వీధి మలుపు తిరిగేదాకా నాన్న గేటు దగ్గరే నిలబడ్డారు. ఆయన ముఖం అలా ఎందుకు చిన్నబోయిందో నాకు తెలియలేదు. ఇంకా రెండున్నాయి కదా.

"నాన్నా, మరి తెల్లకారు తెచ్చుకుందామా?"

ఆయన నా తలమీద చెయ్యి వేశారు. "ఆ రెండూ దాంతోనే ఎల్లిపోనాయమ్మా."

ఒక్క కారులో మిగతా రెండూ ఎలా పట్టాయా అని చాన్నాళ్ళు ఆలోచించాను.

మొన్న గోపాలపట్నం షెడ్డులో మేస్త్రి రంగు మార్చమంటారా అని అడిగాడు. వద్దు, ఉన్నదే వెయ్యమన్నాను.