ఎవరి కీ వాళ్లకే

మంగళవారం పొద్దున్నే రేడియో సారు పోయారని వాళ్ల కోడలు ఫోన్ చేసింది. ఏడుపు రాలేదు. వంటింట్లోనే కూర్చుండిపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఎనభైల్లో మేం బాపట్ల నుంచి వనస్థలిపురం వచ్చేసరికి పక్క ఇల్లు ఆయనది. గోడలకు సున్నమైనా పడలేదు గానీ డాబా మీద హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఊళ్లు దాటి మాట్లాడుకునే రేడియో, ఏరియల్ లేచింది. డిగ్రీ చదువుతున్న నేను పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తుంటే, "గాడ్నుంచి ఏం కనిపిస్తదమ్మా, వచ్చి విను" అన్నారు. అలా నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను.

ఊళ్లో ఇంకొందరితో కలిసి రోజూ పొద్దున ఎనిమిదింటికి పలకరించుకునేవాళ్లం. తర్వాత చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి మా రేడియోలు ఒకదానికొకటి అందడం మానేశాయి. అందుకని ఇంటర్నెట్‌లో మాకు మాత్రమే ఒక దారి, వీపీఎన్, పెట్టుకున్నాం. అందులోకి రావాలంటే కీ కొట్టాలి. బారెడు పొడుగు అక్షరాల వరస. ఒక్కటి తప్పినా దారి తెరుచుకోదు. అందరం పెద్దవాళ్లమే. ఒక్కొక్కరే మానేశారు.

ఎల్‌బీ నగర్‌లో పక్షవాతంతో మంచం పట్టిన పోస్ట్‌మాస్టర్ గారికి మా పొద్దుటి పలకరింపులే లోకం. ఆయనా తప్పులు కొట్టీ కొట్టీ ఆగిపోయారు.

నేను విసిగిపోయి, "అందరికీ ఒకటే కీ ఇచ్చేద్దాం సార్" అన్నాను.

"గట్లొద్దమ్మా. ఒకరి దగ్గర పోతే అందరియీ మార్చాలె. తిప్పలేదో మనం పడదాం, ఆళ్లకు జర అల్కగ చేద్దాం."

చూపు ఆనకపోయినా నెల పైనే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా. కనెక్టవడానికున్న నాలుగు పేజీల సూచనలు చివరికి ఒక్క కాగితమయ్యాయి. ఎవరి కీ వాళ్లకు ఆయనే తయారుచేసి క్యూఆర్ కోడ్‌గా అచ్చు వేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు.

మొదటి కాగితం పట్టుకుని ఇద్దరం ఎల్‌బీ నగర్ బస్సెక్కాం. ఆ ఇంటి మెట్ల మీద సారు మూడుచోట్ల ఆగారు. పోస్ట్‌మాస్టర్ గారు ఎడమచేత్తో ఫోన్ ఎత్తారు. చెయ్యి వణికింది. సారు కాగితాన్ని ఆ వణుకుతో పాటు అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డారు. కనెక్టయింది.

"నేనేనా చేసింది?"

"మీరే. నేను కాయిదం పట్టుకున్న, గంతే."

అలా మిగతావాళ్లూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

ఈ మంగళవారం ఎనిమిదింటికి వంటింట్లోంచి లేచి వెళ్లి కంప్యూటర్‌లో మా దారి తెరిచాను. పోస్ట్‌మాస్టర్ గారు అప్పటికే వచ్చి, "గుడ్ మార్నింగ్ సార్, వింటున్నారా?" అని ఆయన్నే పిలుస్తున్నారు. సంగతి తెలిసింది నాకొక్కదానికే. మైకు బొత్తాం నొక్కాను. చాలాసేపు మా ఫ్యాను తిరిగే చప్పుడే అందరికీ వినబడింది.