ఆపరేషన్ తర్వాత దానయ్యకు పట్టిన అనుమానం

2022లో నేను పలాసలో ఒక యూరాలజీ క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. యూరాలజీ అంటే మూత్రం దారికి సంబంధించిన వైద్యం. కిడ్నీ జబ్బులు ఊరూరా ఉన్న మా ఉద్దానం మనుషులకు మాత్రం ఆ బోర్డు చూస్తే గుర్తొచ్చేది కిడ్నీ ఒక్కటే. ఒంటేలు సరిగ్గా రాకపోతే చాలు, పరీక్ష చేయించకముందే ఇంటిల్లిపాదీ బెంగపెట్టేసుకుంటారు. సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి నుంచి దానయ్య కూడా అలాగే వచ్చాడు.

అరవైకి దగ్గరపడిన మనిషి. చేపల వేటకు సొంత ఫైబర్ బోటు ఉంది, చుక్కాని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదట. భార్య నీలమ్మ అతని కంటే బాగా చిన్నది. పడిన చేపలు తట్టకెత్తుకుని పలాస బజారులో అమ్ముతుంది. నలుగురితో నవ్వుతూ మాట్లాడే మనిషి.

కిడ్నీలు బాగానే ఉన్నాయని డాక్టరుగారు చెప్పగానే దానయ్య లేచి దణ్ణం పెట్టాడు. "కిడ్నీ కాకపోతే ఇంకేటైనా పరవాలేదు బాబూ" అన్నాడు. కానీ పీఎస్ఏ ఎక్కువగా వచ్చింది. మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో తేడా ఉందేమో చెప్పే రక్తపరీక్ష అది. ఆ తర్వాత చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే కేన్సర్ అని తేలింది. గ్రంథి దాటి ఇంకా పాకలేదు.

డాక్టరుగారు రెండు దారులూ ఓపిగ్గా చెప్పారు. రేడియేషన్ అయితే వారాల తరబడి విశాఖపట్నంలో ఉండాలి. ఆపరేషన్ అయితే గ్రంథి మొత్తం తీసేస్తారు, కానీ కొన్నాళ్ళు మూత్రం ఆగకుండా కారుతుంది. గ్రంథిని అంటుకుని సన్నని నరాలుంటాయి, అవి దెబ్బతింటే భార్యాభర్తల సంబంధం మునుపటిలా ఉండకపోవచ్చు. ఆ మాట వచ్చేసరికి తోడు వచ్చి పక్కన కూర్చున్న అల్లుడు తల దించుకున్నాడు. దానయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరే సరే, కోసేయండి బాబూ. నెలలకి నెలలు ఊరొగ్గేసి కూకుంటే నా బోటెవుడు సూత్తాడు?" అన్నాడు.

విశాఖలో ఆపరేషన్ బాగా జరిగింది. అతను కోలుకునేదాకా బోటు సింహాచలం చూసుకునేట్టు మాటయింది. సింహాచలం నీలమ్మకు మేనత్త కొడుకు. ఒకప్పుడు ఆమెను అతనికే ఇద్దామనుకున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు.

కెథీటర్, అంటే మూత్రం బయటికి రావడానికి పెట్టిన గొట్టం, మా దగ్గరే తీశాం. మూత్రం ఆపుకోవడానికి పొత్తికడుపు అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేనే నేర్పాను. తర్వాత వచ్చినప్పుడు మామూలుగా, "ప్యాడ్లు ఎన్ని పడుతున్నాయి మావా?" అని అడిగాను.

"ప్యాడ్ల సంగతి ఒగ్గేయమ్మా. ఒక మాట సెప్పు. పరాయి మగోడి బండెక్కి బజారుకెల్లే ఆడదాన్ని ఏటంటారు?"

నీలమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె ముఖం కందిపోయింది. "అంత బరువు తట్టెత్తుకుని ఆటో కోసం ఎండలో నిలబడమంతావేటి? బావ పలాస ఎల్తన్నాడు, ఎక్కినాను."

"బావంట, బావ!" అని దానయ్య నా వైపు తిరిగాడు. "నా సుక్కాని కాడ ఆడు నిలబడతాడు. ఒడ్డున నా పెల్లాం ఆడితో నవ్వతా సేపలందుకుంటాది. నాను పంచె తడుపుకుని ఇసకలో కూకుని సూత్తంటాను."

వ్యాయామం చేస్తున్నావా అంటే తువ్వాలు దులుపుకుని లేచాడు. బరువులెత్తొద్దు, సముద్రం మీదికి వెళ్ళొద్దు అని మళ్ళీ మళ్ళీ చెప్పి పంపించాను.

విన్లేదు. కొద్దిరోజులకే ఒక పొద్దున్న ఆటోలోంచి సింహాచలం అతన్ని చంకలో చెయ్యేసి దించాడు. ఇద్దరి ఒంటి మీదా సముద్రపు తడి ఆరలేదు. దానయ్య పంచె నిండా రక్తం. రక్తపు గడ్డలు అడ్డుపడి మూత్రం బిగిసిపోయింది, నొప్పికి మెలికలు తిరిగిపోతున్నాడు.

"వద్దంటే ఇన్లేదమ్మా" అన్నాడు సింహాచలం రొప్పుతూ. "నన్ను బోటు దిగిపొమ్మన్నాడు. పోనీ పక్కన ఉంతానంటే వల ముట్టుకోనియ్యలేదు. మొత్తం తనే లాగినాడు. లాగినోడు లాగినట్టే కూలబడిపోనాడు."

మళ్ళీ కెథీటర్ వేసి, సెలైన్‌తో లోపల కడిగాం. నొప్పి తగ్గి మాట రాగానే దానయ్య అన్న మొదటి మాట, "ఆణ్ణి ఎలిపొమ్మను." సింహాచలం మందుల సంచి నా చేతికిచ్చి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి నీలమ్మ, అల్లుడు వచ్చారు. అల్లుణ్ణి కూడా బయటికి పంపించి తలుపు వేశాను. గదిలో మొగుడూ పెళ్ళాం, నేను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "మావా, రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటన్నావు?" అన్నాను.

నీలమ్మే చెప్పింది. "అరుగు మీదమ్మా. ఆపరేషన్ అయిన కాణ్ణించి మంచం అక్కడికి ఈడ్సుకుపోనాడు. నా మీద మొకం మొత్తిందనుకున్నాను."

"మొకం మొత్తడమేటి? ఒల్లంతా ఒంటేలు కంపు. నా పక్కన ఎవులు పడుకుంటారు?" అని, గొంతు తగ్గించి, "లోపలికి రమ్మని నువ్వు పిలిసినావేటి?" అన్నాడు.

"కుట్లు ఇప్పుకుంటాయేమో అని బయ్యం. సెయ్యి తగిలితే నొప్పెడతాదని బయ్యం."

దానయ్య గోడవైపు తిరిగాడు. డాక్టరుగారి ముందు అడగనిది అప్పుడడిగాడు. "అమ్మా, నాను ఇంక మగోడిగా పనికి రానా?"

నేను నోరు తెరిచేలోగా నీలమ్మ అందుకుంది. "దీని కోసమేటి ఇంత సేసినావు? నువ్వు బతకవేమో అని గంగమ్మకి మొక్కుకుని ఒడ్డున ఏడుత్తంటే బావ సూసినాడు. అందుకే రోజూ ఒచ్చి దైర్యం సెప్తన్నాడు. ఒక్కనాడైనా నువ్వు సెప్పినావా?"

దానయ్య తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు. భుజాలు కదలడం కనిపించింది. నీలమ్మ వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది.

తర్వాత నేను చెప్పగలిగింది చెప్పాను. నరాలు తేరుకోవడానికి ఏడాది పైనే పట్టొచ్చు, పూర్తిగా తేరుకోకపోవచ్చు కూడా. మాత్రలున్నాయి, ఇంకా సాధనాలున్నాయి, డాక్టరుగారు విడిగా మాట్లాడతారు. ముందు మంచం లోపలికి తెచ్చుకోమన్నాను.

మంచం లోపలికి వచ్చింది. అనుమానం మాత్రం అంత తొందరగా పోలేదు. సింహాచలం నడిపే బోటు ఒడ్డుకు చేరేసరికి దానయ్య ఇసకలో హాజరే. వ్యాయామం కూడా సింహాచలం మీద కసితోనే చేశాడని నీలమ్మ చెప్పింది. ఎలా చేస్తేనేం, కండరాలు బిగిశాయి, ప్యాడ్లు తగ్గాయి.

ఆ కేసు తర్వాత నేను పని చేసే తీరు మారింది. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మనిషి వస్తే వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయట కూర్చోబెడతాను. చిరాకు పడుతున్నా, ఇంకొకరి మీద ఏడుస్తున్నా అది అతని గుణమని తీసిపారేయను. నోరు తెరిచి అడగలేని మాట లోపల ఏదో ఉందని అనుకుంటాను. కోడళ్ళ ముందు, అల్లుళ్ళ ముందు ఏ మగవాడూ ఆ మాట అడగడు.

మరుసటి ఏడాది చూపించుకోవడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. పీఎస్ఏ దాదాపు లేనట్టే వచ్చింది. గట్టిగా దగ్గితే తప్ప తడి లేదు, చుక్కాని మళ్ళీ తన చేతిలోనే ఉంది. మాత్రల సంగతి అడిగితే, "ఒకోపాలి పనిసేత్తన్నాయమ్మా" అని సిగ్గుపడ్డాడు.

"మరి సింహాచలం బాబాయి?"

"ఆడికి పెల్లి సేత్తన్నానమ్మా" అన్నాడు దానయ్య పెద్దరికంగా. "ఎన్నాల్లని ఒంటరిగా ఉంతాడు? నానే తిరిగి తిరిగి దూరాన డొంకూరులో సంబందం సూసినాను."

నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇల్లరికమమ్మా" అంది. "పెల్లయ్యాక బావ అక్కడే ఉండాలని, పిల్లని సూడకముందే ఈయన మాటాడేసినాడు."