నీళ్ళలో నిలబడ్డ పాత ఒడ్డు

మీ కాళ్ళ కింది నేల అక్కడికి ఎలా వచ్చిందని ఎప్పుడైనా అడిగారా? గుడివాడలో పుట్టి, సైన్యంలో దేశమంతా తిరిగిన నేనూ అడగలేదు.

మా ట్రక్కులు మోపిదేవి చేరేసరికి ఉదయం ఆరు. రెండువేల దశకం. కృష్ణకు వరద. సన్నటి వాన. దివిసీమ దిగువన పొలమేదో ఏరేదో తెలియడం లేదు. పడవలో ఐదుగురం: సుబేదార్, రేడియో ఆపరేటర్, దుబాసీగా నేను, గిలకలదిండి రేవు నుంచి పడవ నడపడానికి వచ్చిన సరంగు, జిల్లా కార్యాలయం పంపిన ఒక అమ్మాయి. ఆమె ఒళ్ళో ప్లాస్టిక్ కవరులో ఉపగ్రహ చిత్రం.

ఆజ్ఞ ఒక్కటే. సముద్రం దగ్గరి పల్లెలో బడి డాబా ఎక్కినవారిని తీసుకురావాలి. వెళ్ళాం. డాబా ఒక పక్కకి కుంగింది, మీద ఎవరూ లేరు. నీరు పెరుగుతోంది.

"బడి ఖాళీ. ఓవర్," అన్నాడు ఆపరేటర్ రేడియోలో.

"వెనక్కి రండి. ఓవర్."

సరంగు చేతులు జోడించాడు. "అమ్మవారే ఎటో తీసుకెళ్ళుంటదండి."

"అమ్మవారు కాదు బాబాయ్, కాళ్ళు. నీళ్ళలో కాలు మెరక వెతుక్కుంటుంది," అంది అమ్మాయి. చిత్రంలో ఒక లేత గీత చూపింది. "ఇదే మెరక. ఒకప్పటి సముద్రపు ఒడ్డు. అలలు పోసిన ఇసుక. దున్ని దున్ని చదును చేశారు గానీ, ఇంకా కాస్త ఎత్తే."

"ఇక్కడ సముద్రమా! ఊరుకో అమ్మాయ్, మా తాత కూడా చెప్పలేదు."

"మీ తాతకి తాత కూడా చూసుండడు బాబాయ్."

సుబేదార్ హిందీలో అడిగాడు, నేను తెలుగు చేశాను. "ఏం చదివావు?"

"జాగ్రఫీ ఎమ్మెస్సీ సార్."

"రాజధానుల పేర్లా?"

"అవి క్విజ్ పుస్తకంలో ఉంటాయి. మేం నేలని చదువుతాం."

"ఉద్యోగాలొస్తాయా?"

"మా బ్యాచ్‌లో ఒకడు ఉపగ్రహ చిత్రాలతో పటాలు గీస్తున్నాడు. ఒకమ్మాయి రేవుల దగ్గర ఇసుక ఎటు కదులుతుందో చెప్తుంది. నేనిదిగో, మీ పడవలో తడుస్తున్నా."

సుబేదార్ నవ్వాడు. ఆపరేటర్ వైపు తిరిగి, "అరగంట గడువు అడుగు," అన్నాడు. అనుమతి వచ్చింది.

గీత చూసుకుంటూ వెళ్ళాం. ఉన్నట్టుండి పడవ అడుగు ఇసుకను రాసింది. సరంగు ఇంజన్ ఆపి తల ఎత్తాడు.

"ఉన్నారు! అందరూ ఉన్నారు!"

చీకటి పడేలోగా అందర్నీ ఒడ్డుకు చేర్చాం. ఇప్పుడు పదవీ విరమణ చేసి గుడివాడలోనే ఉంటున్నాను. ఎన్నో సరిహద్దులు చూశాను, అవన్నీ మసకబారాయి. ఇదొక్కటే పోలేదు: కనుచూపు మేరా నీళ్ళు, మధ్యలో మోకాలి లోతున ఒకే వరసగా జనం, భుజాల మీద పిల్లలు, చంకల్లో మేకలు. మనుషులతో గీసిన సముద్రపు ఒడ్డు.

ఆ రోజు వాళ్ళను మాకు చూపింది మొక్కు కాదు, చదువు. మీ ఇంటి పిల్ల జాగ్రఫీ చదువుతానంటే "దానికేం వస్తుంది" అనకండి. ఈ ఏడే చేర్పించండి.